పలచన చేసిన చుక్క

తాను రాసిన రిపోర్టును సిద్దిరాములు వెనక్కి తీసుకోవడం ఆ దవాఖానలో పదిహేడేళ్ళుగా ఎవరూ చూడలేదు. వరంగల్ ధాన్యం వ్యాపారులు నలుగురు కలిసి కట్టించిన చిన్న ధర్మదవాఖాన అది. నలభై మంచాలు, ఒక ఆపరేషన్ గది, వెనక వరండా చివర ల్యాబు. "కాకతీయుల తర్వాత శాసనాలు చెక్కేది మా సిద్దిరాములే" అని డాక్టర్లు నవ్వేవారు. ఆయన ఆ మాటకు నవ్వేవాడు కాదు, కానీ లోపల సంతోషపడేవాడు.

కొత్తవాడలో జంపకానాలు నేసే ఇంట్లో పుట్టాడు. మెట్రిక్ తప్పాక తండ్రి మొండయ్య మగ్గం గుంతలోకి దిగమన్నాడు. సిద్దిరాములు దిగలేదు. 1966లో ఈ దవాఖానలో సీసాలు కడిగే పనికి చేరాడు. అప్పుడు ల్యాబు చూసే ముసలాయనకు కళ్ళలో పొరలు. సూక్ష్మదర్శినిలో కణాలు లెక్కపెట్టమని ఒకరోజు ఈ సీసాలు కడిగే మనిషినే కూర్చోబెట్టాడు. చిన్ననాటి నుంచి పడుగు పోగులు లెక్కపెట్టిన కంటికి అది కష్టమనిపించలేదు. ఆ తర్వాత హైదరాబాదులో ఆరునెలల శిక్షణ పూర్తిచేసి టెక్నీషియన్‌గా తిరిగొచ్చాడు.

"మగ్గం ముందట కూసున్నా, గా మిషిన్ ముందట కూసున్నా నీ నడుము వంగుడే గద" అనేది భార్య అనసూర్య.

"వంగుతది గని, ఈడ ముడి పడితే మనిషి పాణం మీదికొస్తది" అనేవాడు ఆయన.

1982లో డాక్టర్ రాజేశ్వర్ రావు ఆ దవాఖానకు వచ్చాడు. షుగరు రోగులకు పుండో గడ్డో లేచి, ఆ విషం నెత్తురంతా పాకితే ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, ముందుగా తెలుసుకోవడం ఎలా అన్నది ఆయన పట్టుదల. అలాంటి రోగుల కోసం ఒక రిజిస్టరు తెరిచాడు. అందులో మూడు గళ్ళు: గొట్టంలో నిలబెట్టిన నెత్తురు గంటలో ఎంత కిందికి దిగింది, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పడిపోయింది, మూడోది సి.ఆర్.పి. అనే ఇంకో ప్రోటీన్. ఒంట్లోకి సూక్ష్మజీవులు చొరబడితే కాలేయం ఈ ప్రోటీన్‌ను గంటల్లోనే పెంచేస్తుంది. దాన్ని చూసే మందు బొంబాయి నుంచి చిన్న సీసాలో వచ్చేది. కంటికి ఆనని గింజలు తేలే పాలలాంటి ద్రవం. నల్లటి గాజుపలక మీద రోగి రసి, అంటే నెత్తురు గడ్డకట్టాక పైన తేలే సీరం, ఒక చుక్క, ఆ పాలు ఒక చుక్క వేసి కలిపి, రెండు నిమిషాలు అటూ ఇటూ వంచాలి. ప్రోటీన్ ఉంటే దాని సాయంతో గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని, పాలు విరిగినట్టు పలుకులు తేలతాయి. లేకపోతే పాలు పాలలాగే ఉంటాయి.

మొదటి సీసా వచ్చినరోజు డాక్టరు అందులోని ఇంగ్లీషు కాగితం చదివి వివరించాడు. ఒక పేజీ అయ్యేసరికి వార్డు నుంచి పిలుపొచ్చింది. "దీన్ని కనపడేటట్టు పెట్టుకో" అని ఇచ్చి వెళ్ళాడు. సిద్దిరాములు దాన్ని ఫ్రిజ్ తలుపుకు బంకతో గట్టిగా అంటించాడు. మనిషికి ఒక్క చుక్క, ఒక్కసారి. ఆ మందు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు కనుక అదే పద్ధతి అయింది.

మరుసటి ఏడాది ఎండాకాలం నాటికి రిజిస్టరులో పద్నాలుగు పేర్లు చేరాయి. పదకొండు మందికి పలుకులు కనిపించాయి. అందరికంటే జబ్బుగా ఉన్న ముగ్గురికి మాత్రం ఏమీ కనపడలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు చనిపోయారు. డాక్టరు చాలా ఆలోచించి, షుగరు బాగా ముదిరినవాళ్ళలో కాలేయం ఈ ప్రోటీన్‌ను చేయలేకపోతుందేమోనని ఒక వ్యాసం రాశాడు. హైదరాబాదులో ఆదివారం జరిగే డాక్టర్ల సభలో దాన్ని చదవాలి. శనివారం మధ్యాహ్నం రైలు.

ఆ శుక్రవారమే రాజవ్వ దవాఖానలో చేరింది. కొత్తవాడలో కండెలు చుట్టే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. వీపు మీద అరచెయ్యంత గడ్డ, దాని మీద జల్లెడలా చిల్లులు. షుగరు విపరీతంగా ఉంది, జ్వరం మాత్రం లేదు. శనివారం పొద్దున సిద్దిరాములు ఆమె నెత్తురు చూసి సి.ఆర్.పి. లేదని రాసి సంతకం పెట్టాడు. జ్వరమూ లేదు, సి.ఆర్.పి. కూడా లేదు కనుక విషం ఇంకా పాకలేదని, ముందు షుగరు దించి సోమవారం గడ్డ కోయవచ్చని డాక్టరు నిర్ణయించాడు.

పదకొండు గంటలకు ఆమె కొడుకు పర్శరాములు ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సిద్దన్నా, మా అవ్వ నన్ను గుర్తుపడతలేదే. నన్ను వట్టుకొని 'ఎవలు బిడ్డా నువ్వు' అంటాంది."

"షుగరు ఎక్కువుంటె గట్లనే మత్తుగుంటది. రిపోర్టు మంచిగనే వచ్చింది. ఫికర్ చెయ్యకు."

"నీ రిపోర్టు మంచిగున్నది గని, మా అవ్వ మంచిగ లేదన్నా" అని అతను వెళ్ళిపోయాడు.

సిద్దిరాములు వెనక్కి తిరిగి గోడకున్న స్టాండును చూశాడు. సన్నటి గాజు గొట్టంలో రాజవ్వ నెత్తురు గంటలో నూట ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు దిగింది. ఆల్బుమిన్ రెండు గ్రాములే. ఈ రెండూ విషం పాకిందని చెబుతుంటే మూడోది లేదంటోంది. ఇంకొకసారి చూద్దామంటే రసి అయిపోయింది, పరీక్షనాళిక అడుగున తడి మాత్రం ఉంది. నూలు కొసలు కూడా పారేయని ఇంట్లో పెరిగినవాడు కనుక, నాళికలో కాస్త ఉప్పునీరు పోసి గోడలు కడిగినట్టు తిప్పి, ఆ నీళ్ళలోంచే ఒక చుక్క తీశాడు. పాలు కలిపాడు. నిమిషం కూడా గడవకముందే పలక మీద పాలు విరిగాయి.

పలక సరిగ్గా కడగలేదేమో అనుకున్నాడు. వార్డుకు వెళ్ళి రాజవ్వ నెత్తురు మళ్ళీ తెచ్చాడు. ఈసారి రెండు చుక్కలు పక్కపక్కన వేశాడు, ఒకటి చిక్కటిది, ఒకటి పదింతల ఉప్పునీరు కలిపినది. చిక్కటిది పాలలాగే ఉంది. పలచనిది విరిగింది.

అప్పుడు ఆయన ఫ్రిజ్ తలుపు వైపు చూశాడు. దూది తడిపి కాగితం అంచులు నానబెట్టి మెల్లగా ఊడదీశాడు. వెనక వైపు కూడా అచ్చు ఉంది. బంక మరకల మధ్య కూడబలుక్కుని చదివాడు: ప్రోటీన్ మరీ ఎక్కువగా ఉంటే చిక్కటి రసిలో పలుకులు కనపడకపోవచ్చు, ప్రతి రసినీ పలచన చేసి కూడా చూడవలెను.

ఆయన రిజిస్టరు తెరిచి, పలుకులు కనపడని ఆ మూడు పేర్లు చూశాడు. ఈ ఒక్క రిపోర్టు తప్పైతే ఆ ముగ్గురివీ తప్పే కావచ్చు. అవి తప్పైతే డాక్టరు వ్యాసమే లేదు. వ్యాసం సంగతి సోమవారం కూడా చెప్పుకోవచ్చు. రాజవ్వకు సోమవారం ఉందో లేదో తెలియదు. రెండు పలకలూ, కాగితమూ ఒక పళ్ళెంలో పెట్టుకుని బయలుదేరాడు.

డాక్టరు గదిలో సూట్‌కేసు మూసి ఉంది.

"ఏంది సిద్దిరాములు, రైలుకు టైమైతున్నది."

"సార్, రాజవ్వ రిపోర్టు తప్పు."

"ఎవరు రాసిండ్రు?"

"నేనే రాసిన సార్."

డాక్టరు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత పలకలు చూశాడు, కాగితం రెండువైపులా చదివాడు. ల్యాబుకు నడిచి, తన చేత్తో ఆ పరీక్ష మళ్ళీ చేశాడు. అదే ఫలితం.

"ప్రోటీన్ మితిమీరితే పాలలోని ఒక్కొక్క గింజ చుట్టూ అదే నిండిపోతది" అన్నాడు చివరికి. "ఒక గింజ ఇంకో గింజను పట్టుకోవడానికి సందే ఉండదు."

"మేడారం జాతర లెక్క సార్. మంది నిండుగుంటరు గని, ఎవని చెయ్యి ఎవనికీ దొరకది."

డాక్టరు నవ్వలేదు. "కాగితం అంటించింది నువ్వు. వెనక పేజీ చదవనిది నేను. సర్జన్ డాక్టర్ గోపాల్‌ను పిలువు. సోమవారం కాదు, ఇప్పుడే కోయాలె."

రెండు గంటలకు ఆపరేషన్ గదిలో గోపాల్ గడ్డ కోశాడు. అరబేసిన్ చీము వచ్చింది. ఇన్సులిన్ పెంచారు, సూదిమందులు మార్చారు. మధ్యాహ్నం రైలు డాక్టరు లేకుండానే వెళ్ళింది. మూడు రోజులు రాజవ్వ ఎటూ తేలలేదు. సిద్దిరాములు రోజూ నెత్తురు తీసి పదింతలు, యాభై ఇంతలు పలచన చేసి చూశాడు. నాలుగోరోజు యాభై ఇంతల చుక్కలో పలుకులు కనపడలేదు, ప్రోటీన్ నిజంగానే తగ్గుతోంది. ఐదోరోజు ఆమె కొడుకును పేరుపెట్టి పిలిచి, చక్కెర వేసిన చాయ తెమ్మని పోరుపెట్టింది.

ఆ వారమే డాక్టరు రిజిస్టరు తెరిచి, ఆ మూడు పేర్ల ఎదుట "లేదు" అన్న మాట కొట్టేసి "తెలియదు" అని రాశాడు.

"పోయిన గా ఇద్దరి సంగతి మనకు ముందుగాల తెలిసుంటె బతుకుదురా సార్?" అని సిద్దిరాములు అడిగాడు.

"అదీ తెల్వదు" అన్నాడు డాక్టరు.

నెలన్నర తర్వాత రాజవ్వ షుగరు చూపించుకోవడానికి వచ్చింది. వీపు మీద గాయం ఇంకా పూడలేదు, కొంచెం పక్కకు వంగి నడుస్తోంది. జరిగిందంతా కొడుకు చెప్పాడట.

"ఎక్కువున్నదని కనవడలేదా నా నెత్తురుల? గదేం పరీచ్చ బిడ్డా! ఇంట్ల మంది ఎక్కువున్నరని ఇల్లు ఖాళీ అన్నట్టున్నది."

"గట్లనే అయింది అవ్వా."

ఆమె వెనక వరుసలో నిలబడ్డవాళ్ళవైపు తిరిగింది. "ఈ సారు ముందుగాల తప్పు రాస్తడు, మల్ల ఆయనే ఉరికొచ్చి చెప్తడు. జర ఓపిక పట్టుండ్రి."

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. సిద్దిరాములు తలెత్తకుండా రబ్బరు గొట్టం తీసి, "చెయ్యి చాపు అవ్వా" అన్నాడు.