బావ జేబులో ఫ్యూజు

కరెంటు పోయిందంటే ఇంట్లో అందరూ కొవ్వొత్తి వెతుక్కుంటారు, నేను లేచి వెళ్ళి మెయిన్ ఆపుతాను. మొన్న అదే పని చేస్తుంటే మా కోడలు నవ్వి, "పోయిన కరెంటును మళ్ళీ ఆపడమేమిటత్తయ్యా!" అంది. ఈ అలవాటు నాకు విశాఖ కొండల్లోని డుంబ్రిగుడలో మా బావ దగ్గర అంటింది. అప్పటికి తొంభైలు సగం దాటాయి. నాకు అక్కడి బళ్ళో కొత్తగా ఉద్యోగం, ఉండడం అక్కా బావల ఇంట్లో.

మా బావ చుట్టుపక్కల కొండల మీద ఎన్ని ఇళ్ళకు వైరింగు చేశాడో ఆయనకే తెలియదు. కానీ వైర్‌మన్ పర్మిటు లేదు. కొత్త కనెక్షన్ కాగితం మీద పర్మిటున్నవాడే సంతకం పెట్టాలి. అందుకని పదేళ్ళుగా గోడలకు చిల్లులు పొడిచి తీగలు లాగింది మా బావ, "ఈ పని నేను చేశాను" అని సంతకం పెట్టింది కొండ కింద నుంచి స్కూటరు మీద వచ్చే ఒక పెద్దమనిషి. ఆయన కొన్ని ఇళ్ళ గుమ్మం కూడా తొక్కలేదు. ఆ పెద్దమనిషి వచ్చి వెళ్ళిన రోజున బావ అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

చివరికి పట్టుబట్టి విశాఖ వెళ్ళి పరీక్షకు కూర్చున్నాడు. రాతపరీక్ష బాగానే గట్టెక్కాడు. ప్రాక్టికల్లో ఒక బోర్డు చూపించి, బల్బు వెలగడం లేదు, సంగతేమిటో చూడమన్నారు. మా కొండల్లో బల్బు వెలగలేదంటే కరెంటు లేదని అర్థం. సగం రోజు ఉండేది కాదు, రిపేరు పనంతా అప్పుడే కానిచ్చేవాళ్ళు. ఆ ధీమాతో మా బావ మెయిన్ ఆపకుండానే నేరుగా బోర్డులో స్క్రూడ్రైవరు పెట్టాడు. టప్పున నిప్పురవ్వలు లేచాయి. పరీక్షాధికారి బావ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, అక్కడికక్కడే పంపించేశాడు.

ఇంటికొచ్చి రెండు రోజులు వైరింగు పుస్తకమంతా మళ్ళీ తిరగేశాడు. మూడో రోజు పొద్దున్నే నన్ను పిలిచి, "పుస్తకంలో ఉన్నది నాకొచ్చు గుంటా, సెయ్యికే రాలేదు. దానికి నేర్పాల" అన్నాడు. అది మొదలు ఆరు నెలలు, కరెంటు ఉన్నా లేకపోయినా, బల్బు హోల్డరు ముట్టుకోవాలన్నా సరే, ముందు మెయిన్ ఆపడం, ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకోవడం, టెస్టరు పెట్టి చూడడం. మరిచిపోతే కేకేయడం నా పని. ఒకసారి జేబులో ఫ్యూజుతోనే సంతకు వెళ్ళిపోయాడు. సాయంత్రం ఊరంతా దీపాలు, మా ఇల్లొక్కటే చీకటి. బావ వచ్చీ రాగానే అక్క గుమ్మంలోనే నిలదీసింది: "ఊరికంతా ఎలుగిచ్చినోడివి, మన కొంపకేటి ఈ సీకటి? బేగి పెట్టు!" నేను నవ్వాపుకోలేకపోయాను. బావ మాత్రం నవ్వలేదు. "పీకడం వచ్చింది, ఇంక పెట్టడమే రావాల" అన్నాడు.

రెండోసారి పరీక్షలో కూడా వెలగని బల్బే ఇచ్చారట. మెయిన్ ఆపి, ఫ్యూజు జేబులో వేసుకుని, టెస్టరుతో చూసి, స్విచ్చు వెనక ఊడిన తీగ బిగించి, ఫ్యూజు మళ్ళీ పెట్టాడట. బల్బు వెలిగింది. ఇంత పద్ధతిగా ఎక్కడ నేర్చుకున్నావని అధికారి అడిగితే, "కరెంటు లేని కాడ బాబూ" అన్నాడట.

పర్మిటు చేతికొచ్చాక మొదటి కనెక్షన్ కాగితాన్ని ఇంటికి తెచ్చి, మా ముందే పెన్ను పట్టుకున్నాడు. ఒక్కో అక్షరం దిద్దినట్టు పేరంతా రాశాడు. అక్క కళ్ళు తుడుచుకుంది, నాకూ ఏడుపు ఆగలేదు. పట్టుమని నిమిషం కూడా పట్టలేదు ఆ సంతకానికి. ఆ నిమిషం దాకా రావడానికి మా బావకు పదేళ్ళు పట్టింది.