తలకు నూనె మానేసిన రోజులు

బహ్రెయిన్‌లోని నువైద్రాత్‌లో నేను పనిచేసే ఇంటి ముసలావిడను పెద్ద మామా అంటాను. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అనే పిలవాలి. ఆవిడకు అల్జీమర్స్. ఉన్న ఒక్క కూతురూ ఉద్యోగానికి సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉండిపోయింది. ఆమెకు కావలసిందల్లా తల్లి మరొక్కసారి తనను పేరు పెట్టి పిలవడం.

డాక్టరు కొత్త వైద్యం మొదలుపెట్టాడు. కోతా లేదు, సూదీ లేదు. రోజూ తడి స్పాంజీలు తలకు కట్టి, చిన్న పెట్టెలోంచి సన్నటి కరెంటు పంపాలి. రక్తంలోని చెడు మెదడులోకి పోకుండా రక్తనాళాల గోడ ఒకటి కాపలా కాస్తుందట. ఈ జబ్బులో అది కారుతుందట. కరెంటుతో దానికి మేలో కీడో ఇంకా తేలలేదు, మాట ఇవ్వలేను అన్నాడాయన. కూతురు మాత్రం మాట ఇచ్చేసినట్టే వింది.

ఒకటే షరతు, తలకు నూనె ఉండకూడదు. అయ్యో ఖర్మ! నేను వచ్చిన దగ్గర్నుంచీ పెద్ద మామాకు కొబ్బరినూనె పెడుతున్నాను, మా గోదావరి వైపు పెద్దవాళ్లకు చేసినట్టే. నా నూనె చెయ్యి తప్ప మరో చెయ్యి తల మీద పడనిచ్చేది కాదు. "మా అమ్మ, నేనే చేస్తాను" అని కూతురే షాంపూతో రుద్దింది, పట్టీలు బిగించింది. తల చురుక్కుమన్నప్పుడల్లా పెద్ద మామా ఏడ్చి నా వెనక దాక్కునేది.

"గోడ పర్రెలిచ్చినంక పైన సున్నమేస్తే కారుడు ఆగుతదా అక్కా?" అన్నాడు మా డ్రైవరు. నిజామాబాద్ వైపు మనిషి, ఒకప్పుడు తాపీపని చేశాడు.

"నోర్ముయ్యి నాయనా, నీ మాటలు తగలెయ్య!" అని కసిరాను. లోపల నాకూ అదే అనిపించింది.

పేరు రాలేదు సరికదా, కూతురి అడుగుల చప్పుడు వింటేనే పెద్ద మామా రెండు చేతులూ తల మీద పెట్టుకుని "యల్లా, పో, పో!" అని అరిచేది. అన్నీ మరిచిపోయిన మనిషికి తల నొప్పించేది ఈమేనని మాత్రం ఎలా గుర్తుందో! ఆ పిల్ల మొహం చూడలేక నాకు ఏడుపొచ్చేది. చివరికి డాక్టరు ఖలాస్ అన్నాడు. పెట్టె పోయింది, అరుపులు పోలేదు. కూతురు ముద్ద పెడితే ఊసేసేది.

ఒక మధ్యాహ్నం కూతురు వంటింట్లోకొచ్చి నా యూనిఫాం ఒకటి ఇమ్మంది.

"మీకెందుకండీ మేడమ్, పనిమనిషి బట్టలు?"

ఆమె నా నీలం గౌను తొడుక్కుని, నాలాగే స్కార్ఫు వెనక్కి ముడేసుకుని, అన్నం పళ్లెంతో లోపలికెళ్లింది. గుమ్మం పక్కన నిలబడి చూశాను.

పెద్ద మామా అరవలేదు. బుద్ధిగా నోరు తెరిచి పళ్లెమంతా తినేసింది. మూతి తుడిపించుకుని, రోజూ నాతో అన్నట్టే, "నువ్వు తిన్నావా? తిని గిన్నెలు తోము, పో" అంది.

కూతురు సరేనని లేచింది. వంటింట్లోకి వచ్చి, నన్ను పక్కకు తప్పుకోమని, సింకు ముందు నిలబడి గిన్నెలు తోమింది.