నిండుకున్న మాత్రలు

ఆ రోజు ఉదయం అత్తయ్య పాపకు అన్నం తినిపించడం మధ్యలో ఆపేసింది. నేను ఆఫీసు క్యాబ్ కోసం చెప్పులు వేసుకుంటున్నాను. ఆవిడ గిన్నె ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని దవడ రుద్దుకుంటోంది.

"పన్ను నొప్పా అత్తయ్యా?"

"పన్ను కాదే. దవడ లాగేస్తంది. ఏటో సెమట్లు పోస్తన్నాయి. నువ్వెల్లు, కేబ్ ఎల్లిపోద్ది."

నేను వెళ్లలేదు.

మా ఇల్లు హైదరాబాద్‌లో, యాప్రాల్ వైపు. అత్తయ్యది విజయనగరం వైపు. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది. ఆవిడ పాపను చూసుకోబట్టే నేనూ మా ఆయనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్నాం.

సికింద్రాబాద్‌లోని ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేశారు. "మేజర్ హార్ట్ ఎటాక్ అమ్మా. ఆడవాళ్లకు ఒక్కోసారి ఛాతీలో నొప్పే ఉండదు, ఇలా వస్తుంది" అన్నారు డాక్టర్. యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు. ఐసీయూ బయట పాపను ఎత్తుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. పాప కాలికి ఒక చెప్పే ఉందని చూశాను. రెండోది ఎక్కడ పడిపోయిందా అని చాలాసేపు ఆలోచించాను.

డిశ్చార్జి చేస్తూ డాక్టర్ ఒక్కటే గట్టిగా చెప్పారు: "ఈ బ్లడ్ థిన్నర్ ఒక్క పూట కూడా మానొద్దు. మానితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి క్లాట్ వస్తుంది."

అత్తయ్య ఫోన్‌లో వాళ్లే ఒక యాప్ వేసిచ్చారు. బీపీ మెషీన్ చేతికి చుట్టుకుంటే రీడింగ్ దానంతటదే ఆసుపత్రికి వెళ్తుంది. వారానికోసారి ఒక సిస్టర్ వీడియో కాల్ చేసి మందుల సంగతి అడుగుతుంది. అంతా బాగుంటే నా ఫోన్‌లో పచ్చ టిక్కు పడుతుంది. మొదటిసారి మాత్రలు కూడా కొరియర్‌లో వాళ్లే పంపారు. మీటింగుల మధ్య ఆ టిక్కు చూసుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఒక సాయంత్రం పాప బట్టలు మడతపెడుతూ అత్తయ్య మళ్లీ దవడ పట్టుకుంది.

ఈసారి స్టెంట్‌లోనే క్లాట్. "బ్లడ్ థిన్నర్ ఎప్పుడు ఆపారు?" అన్నారు డాక్టర్. ఆపలేదని ఫోన్ చూపించాను. అన్నీ పచ్చ టిక్కులే. ఆయన ఫోన్ వైపు చూడనేలేదు. "ఆపకపోతే ఇలా రాదమ్మా" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ క్లాట్ తీసేశాక, అత్తయ్య మాట్లాడగలిగిన రోజున, వీడియో కాల్ చేసే సిస్టర్ పరుగున వచ్చింది.

"ఆంటీ, గోలీలు ఉన్నయా అంటే ఉన్నయన్నరు గదా?"

"నానెప్పుడన్నానే? నిండుకున్నాయన్నాను. సరే సరే అన్నావు. మళ్లీ పంపుతారు కాబోలనుకున్నాను."

"అదే గదా ఆంటీ! నిండుగ ఉన్నయనే గదా?"

ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను. మా ఇంట్లో బియ్యమైనా, దీపం నూనె అయినా, కుంకుమైనా 'అయిపోయింది' అనరు. లేదన్న మాట నోట రాకూడదని 'నిండుకుంది' అంటారు. ప్రాణం నిలిపే మాత్రల విషయంలో అత్తయ్య అసలే అనదు. 'నిండుకుంది' అన్న మాట సిస్టర్ ఎన్నడూ వినలేదట. స్టాక్ ఫుల్ అని టిక్కు పెట్టేసింది. మిగతా మందులు ఇంకా ఉండటంతో నాకూ డబ్బా ఖాళీగా కనిపించలేదు.

"గిదేం మాట ఆంటీ? లేనిదాన్ని నిండు అంటరా?" సిస్టర్ కళ్లు తుడుచుకుంది.

"మరేటంటాం? అశుభం పలుకుతామేటి?"

మరోచోట అయితే అందరం నవ్వేవాళ్లం.

ఇప్పుడు అత్తయ్య గుండె పంపింగ్ తగ్గింది. పాపను ఎత్తుకోవద్దన్నారు. పాపేమో చేతులు చాపుతుంది, ఆవిడ కూర్చుని ఒళ్లోకి పిలుస్తుంది. నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు పాపను డేకేర్‌లో దింపుతున్నాను. ఫిజియోథెరపిస్ట్ ఫోన్‌లో చెప్పినట్టు అత్తయ్య హాల్లో నడుస్తుంది. యాప్‌ను నేను తప్పుపట్టను. మొన్న బీపీ పడిపోయినప్పుడు మాకన్నా ముందు దానికే తెలిసింది. అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. బాధగా ఉందా అంటే, ఏమో. ఏమీ అనిపించడం లేదు.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే ఫోన్లూ యాప్‌లూ వాడండి. కానీ మాత్రలు ఉన్నాయా అని అడిగి ఊరుకోకండి. షీటు చూపించమనండి.

మా సిస్టర్ ఇప్పుడు అలాగే అడుగుతోంది. నిన్న కాల్‌లో అత్తయ్య ఖాళీ షీటు కెమెరా ముందు పెట్టింది.

"అయిపోయినయా ఆంటీ?"

అత్తయ్య షీటును ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"సరే ఆంటీ, ఇయ్యాలనే పంపిస్తా."