ఇంజన్ చల్లారేదాకా

మార్తమ్మ నోటికి మట్టెవాడ పేటంతా జడుస్తుందని అనేవాళ్లు. అది ఉత్త మాట. జడిసేవాడు ఆమె పెనిమిటి కృపానందం ఒక్కడే, అదీ ఆమెకు కాదు, మిగతా లోకమంతటికీ. ఒక సేటు దగ్గర జీతానికి కారు తోలుతూనే సగం జీవితం గడిపాడు. ఇంట్లో కంచం ముందు మాత్రం ఎక్కడలేని నోరు లేచేది. పాతబండి కొనేవాడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూడాలనీ, వేడి మీదుంటే లోపం బయటపడదనీ, నీలం పొగ వస్తే లోపల ఆయిల్ కాలుతున్నట్టేననీ చెప్పేవాడు. మార్తమ్మ ఊ కొడుతూ వినేది.

ఎనభై రెండులో ఆమె పరకాలలో తన పాలికొచ్చిన చెలక అమ్మేసింది. మొగుడు తన సొంత బండి తోలాలని పంతం పట్టింది. చర్చి సంఘ పెద్ద రత్నం తన పాత కారు అమ్ముతానన్నాడు. వీళ్ల పెళ్లి కుదిర్చింది ఆయనే. అందుకని కృపానందం బండిని తేరిపార చూడకుండానే తలూపాడు.

వీళ్లు వెళ్లేసరికి చర్చి ముందు, వేపచెట్టు నీడన, కడిగిన కారుకు బంతిపూల దండ వేసి ఉంది. పాస్టరు ప్రార్థన చేశాడు, అందరూ ఆమెన్ అన్నారు. ఆ సంఘంలో ప్రార్థన చేయించిన వస్తువును ఎవరూ వద్దనరు. వద్దంటే దేవుణ్నే కాదన్నట్టు. రత్నం ఈ సంగతి తెలిసే, బేరం తేలకముందే ప్రార్థన పెట్టించాడు.

మార్తమ్మ బానెట్ మీద చెయ్యి వేసింది. వెచ్చగా తగిలింది.

"అన్నా, బండి ఇప్పుడే తిప్పిండ్రా?"

"లేదమ్మా, ఎండకు కాలింది," అన్నాడు రత్నం.

"నీడల ఉన్న బండికి ఎండ యాడికెళ్లి వచ్చింది? జర చల్లారనియ్యిండ్రి. నేను కూసుంట."

"ప్రార్థన అయిపోయింది గదమ్మా," అన్నాడు పాస్టరు.

"అయింది అయ్యగారు, నేనూ ఆమెన్ అన్న. మంచి బండైతే చల్లారినంక గూడ మంచిగనే ఉంటది."

కృపానందం ఆమె పక్కకు వంగి గొణిగాడు. "నడువే, ఇజ్జత్ తీస్తానవ్."

"నువ్వు చెప్పిన మాటలే చెప్తాన. అన్నం కాడ లేచిన నోరు ఈడ ఎందుకు లేస్తలేదు?"

అతను తల దించుకున్నాడు. ఆమె చర్చి మెట్టు మీద కూర్చుంది. జనం నవ్వారు, విసుక్కున్నారు, ఆమె లేవలేదు. పొద్దు వాలాక రత్నం కోపంగా తాళంచెవి తిప్పాడు. ఇంజన్ దగ్గి దగ్గి అంటుకుంది. నీలం పొగ చర్చి గుమ్మం దాకా కమ్మేసింది.

"విశ్వాసం లేని మనుషులు," అన్నాడు రత్నం.

"ఉండనీ అన్నా," అని మార్తమ్మ బండి కొనకుండానే ఇంటిదారి పట్టింది. మర్నాడు కృపానందం మళ్లీ సేటు కారే తోలాడు.  అది చూసి కూడా ఆమె తప్పు చేశానని అనుకోలేదు.

ఆదివారం చర్చిలో ఆమె కూర్చోగానే చాప మీది ఆడవాళ్లు దూరం జరిగారు. మార్తమ్మ అక్కడే, తల ఎత్తుకునే కూర్చుంది. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి కృపానందం లేచాడు. అందరూ చూస్తుండగా నడిచి వచ్చి, ఆడవాళ్ల చాప మీద పెళ్లాం పక్కన కూర్చున్నాడు. పాస్టరు పాట ఆపేశాడు.

"ఆ బండి ఖరాబుదే అయ్యగారు," అన్నాడు కృపానందం, వెనక వరుసకూ వినిపించేలా. "నేను చెప్పాల్సిన మాట మా ఆమె చెప్పింది."