గోడ వెంట పైపు

రామచంద్రపురంలో మేం కొన్నది పాత డాబా ఇల్లు. అమ్మినావిడ భర్త పోయాక మరుదులు వాటాలు తేల్చమన్నారు. ఇల్లు అమ్మేసి, ఆవిడ కొడుకుతో బజారు వీధిలో మేడ మీద అద్దె పోర్షన్‌కి మారిపోయింది. ఆ అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు.

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజే నా కళ్లు ఒకదాని మీద పడ్డాయి. వీధి గది నుంచి పెరటి బాత్‌రూమ్ దాకా, నడుము ఎత్తున, గోడలకి ఇనప పైపు బిగించి ఉంది. కొడుకు పట్టుకుని నడవడానికి తండ్రి వేయించాడట.

"ముందు ఈ పైపు పీకించెయ్యాలండి. ఆస్పత్రిలా ఉంది" అన్నాను మావారితో.

పక్క గదిలో మంచం మీద ఆ అబ్బాయి కూర్చుని ఉన్నాడని ఆ తరవాతే చూశాను. మా అడుగుల చప్పుడు విని "నమస్కారమండి" అన్నాడు.

రిజిస్ట్రేషన్ అయిన పది రోజులకి పని మొదలుపెట్టించాం.

"ఏది ముందు తియ్యమంటారండి?" అని అడిగాడు మేస్త్రి.

"పైపు" అన్నాను.

మధ్యాహ్నానికల్లా కోసిన ముక్కలన్నీ పెరట్లో కుప్పపడ్డాయి. మర్నాడు హాలుకీ వంటింటికీ మధ్య గోడ కొట్టేశారు. లోపలంతా చెమ్మే. ఇటుక పట్టుకుంటే చేతిలో పొడి అయిపోతోంది. మిగతా గోడలూ ఇంతేనన్నాడు మేస్త్రి. ఇన్నాళ్లకి సొంతిల్లు కొనుక్కున్నామన్న సంతోషం రెండు రోజుల్లోనే నీరుగారిపోయింది.

నాలుగో రోజు పొద్దున్న ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమనుకోకమ్మా. అక్కడికెళ్లిన దగ్గర్నించి వీడు మంచం దిగట్లేదు. ఒక్కసారి ఇంటికి తీసుకెళ్లమని ఒకటే గొడవ. ఐదు నిమిషాలుండి వెళ్లిపోతాం."

"లోపలంతా కొట్టేశామండి పిన్నిగారూ..." అని నేను అంటూండగానే అతను తల్లి చెయ్యి వదిలేశాడు. గేటు నుంచి తిన్నగా నడిచి మూడు మెట్లూ ఎక్కాడు. చెప్పులు విడిచాడు. గుమ్మం దాటి, కుడిచెయ్యి గోడ మీదికి చాపాడు.

చేతికి పైపు తగల్లేదు. అరచెయ్యి గోడకి ఆనించి ముందుకి నడిచాడు. పైపు ఊడబెరికిన చోటల్లా గుంటలు పడ్డాయి. ఒక్కో గుంట దగ్గర వేళ్లు ఆగి, మళ్లీ కదిలాయి. కాసేపటికి గోడే అయిపోయింది. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు.

"ఇక్కడ గోడ ఉండాలండి" అన్నాడు అతను.

"తీసేశామండి."

అతను చెయ్యి దించుకున్నాడు. "పైపు తీసేస్తారని తెలుసండి. ఆ రోజు మీరన్నది విన్నాను. గోడ కూడా అనుకోలేదు."

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. పెరట్లోంచి ఒక ముక్క తెచ్చి ఆవిడకి చూపిస్తూ, "ఇవన్నీ మీ ఇంటికి పంపించేస్తాం పిన్నిగారూ. మా మేస్త్రే వచ్చి బిగిస్తాడు" అన్నాను.

"అద్దిల్లమ్మా. కేలెండర్‌కి మేకు కొడితేనే ఊరుకోవట్లేదు వాళ్లు" అంది ఆవిడ.

లోపలికి ఒక్కడే వచ్చినవాడు ఇటుకల మధ్య ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయాడు. తల్లి వచ్చి భుజం పట్టుకుని బయటికి నడిపించుకెళ్లింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా లోపల ఎవరూ పని ముట్టుకోలేదు.

మూడు నెలలకి పని పూర్తయింది. పాలు పొంగించే రోజుకి రమ్మని ఆ మేడ మెట్లెక్కి వెళ్లి పిలిచాను. అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వస్తామమ్మా అంది ఆవిడ. రాలేదు. మళ్లీ వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.

మొన్న కూరల బజారులో ఆవిడ ఒక్కత్తే కనిపించింది. "ఇల్లు బాగా వచ్చిందా అమ్మా?" అని అడిగింది.

"వచ్చిందండి" అన్నాను. అబ్బాయి ఎలా ఉన్నాడని అడగాలి. ఆవిడ చెబుతుందేమోనని భయపడి, బెండకాయలు ఏరుకుంటూ తల దించుకున్నాను.