వాలడం వేరు, పడడం వేరు

యలహంక పాతూరి కూరగాయల వీధిలో, నిండు జనం మధ్య, మా మోటరుసైకిలును ఒంటికాలి బలంతో గంటసేపు నిలబెట్టినవాణ్ణి నేను. డెబ్బై దాటిన వయసులో. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టలేదంటే చేతుల్లో సంచులు ఉండబట్టే.

అంతకు ముందు బండికి పొడుగు షాక్ అబ్జార్బర్లు వేయించి ఎత్తు లేపాను. రోడ్డు మీద స్పీడు హంపులకు బండి అడుగు తగులుతోందని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి వేరే. సిగ్నల్లో పక్కన ఆగే కుర్రాళ్ళ బండ్లన్నీ నా భుజం ఎత్తున ఉంటాయి. వాళ్ళ మధ్య నేనొక్కణ్ణే చాప మీద కూర్చున్నట్టు ఉండేది.

బండి లేచింది గానీ దాని సైడ్ స్టాండు లేవలేదు. స్టాండు వేసి దిగితే బండి ఎడమపక్కకు ఒరిగి ఒరిగి, ఒకరోజు వాకిట్లో తులసికుండీ మీద వాలింది. వాలింది అని నేనంటాను. మా ఆవిడ పడింది అంటుంది.

"ఇంకొకసారి పడిందా, అమ్మేసేదే. ఆటోలుండాయి, బస్సులుండాయి" అని తేల్చేసింది.

 ఆ బండి లేకుంటే, ఊరికే ఒక కాఫీ తాగి రావాలన్నా నేను ఇంకొకరిని అడగాల.

పీణ్యలో ఒక వెల్డింగు అంగడికి పోయి, "స్టాండు కొంచెం అడ్జస్ట్ చెయ్యప్పా" అన్నాను. "తిప్పి సరిచేసేదానికి ఇందులో మర ఎక్కడుండాది సార్? అతికించాల, లేదంటే కొయ్యాల" అన్నాడు. అతికించాడు. ముక్క పొడుగై, బండి నిటారుగా నిలబడి, గాలి తగిలితే కుడిపక్కకు పోయేట్టు తయారైంది. కోయించాను. కోత ఎక్కువై కథ మళ్ళీ ఎడమపక్కకే వచ్చింది. మూడోసారి పోయేదానికి మొహం చెల్లక, స్టాండు కింద పెట్టేదానికి ఒక చెక్కముక్క చూసుకున్నాను. అది మా ఆవిడ సంచిలో ఉంటుంది. ఆమె ముందు దిగి చెక్క పెట్టాల, తర్వాత నేను దిగాల. అదీ మా పద్ధతి.

మొన్న ఆదివారం కూరగాయల వీధిలో ఆమెకు ఆ పక్క అంగట్లో లేత వంకాయలు కనపడ్డాయి. పద్ధతి మరిచి, సంచి పట్టుకుని జనంలోకి పోయింది. నేను ఇంజను ఆపి స్టాండు వేశాను. బండి ఒరుగుతూ ఉంటే అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమే! చెక్క!" అని అరిచాను. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

ఎత్తు లేపిన బండి కదా, ఒక కాలు నేలకు ఆనితే ఇంకోటి ఆనదు. ఎడమకాలు తీస్తే బండి పోతుంది. మళ్ళీ స్టార్ట్ చేద్దామంటే కిక్కు కొట్టాల, కుడికాలు ఎత్తి కొడితే బరువంతా ఎడమపక్కకే పోతుంది. జేబులో ఫోను మోగుతోంది. ఆమే అని తెలుసు. ఏ చేత్తో తీసేది?

పక్కనే చిక్కుడు జాతి అనపకాయలు గుట్ట పోసుకుని కూర్చున్నామె గదిమింది. "తాతా, బండి తియ్యి. గిరాకీకి అడ్డం ఉండావు."

"తీస్తానమ్మా, కొంచెం తాళు" అన్నాను, ఏదో నా ఇష్టంతో నిలబడినట్టు.

గంటసేపు అన్నాను కదూ. అంత లేదు. ఒక బీడీ కాల్చేంత సేపు. కాలి బలం అన్నది కూడా నిజం కాదు, కాలు అప్పటికే వణికిపోతోంది. బలమంతా పళ్ళు బిగబట్టడంలోనే ఉండింది. చివరికి బండి మెల్లగా, మర్యాదగా, ఆ అనపకాయల మీద వాలింది. దాంతోపాటు నేనూ వాలాను. చప్పుడు లేదు, దెబ్బ లేదు, అద్దం కూడా పగల్లేదు. దీన్ని పడడం అని ఎవరైనా అంటారా?

ఇంతవరకు రాసి, వంటింట్లో అనపగింజలు పితుకుతున్న మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె తల ఎత్తలేదు.

"వాలేదేంది? పడింది. కాయల మీద పడింది గాబట్టి సద్దు కాలేదు. నలిగినవన్నీ మనమే కొన్యాము, అవే నేను పితుకుతా ఉండేది. రేపు బండి చూసేదానికి ఒకాయన వస్తా ఉండాడు. ఆయనకు మాత్రం వాలిందనే చెప్పు."