చదివి వినిపించాం

రబ్బరు ముద్ర చెక్కడం పూర్తయిన ప్రతిసారీ ఆయన దాన్ని మొదట తన ఎడమ అరచేతి మీద వేసుకుంటాడు. అక్షరాలు సరిచూసుకుని చొక్కా అంచుకు తుడిచేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆ చేయి ఊదారంగే. ‘అందింది’, ‘తిరస్కరించాం’, ‘నకలు’, అన్నీ అక్కడ పడి చెరిగినవే. అక్షరాలు తిరగేసి చెక్కడమే తన పని, మాటల మంచిచెడ్డలు చేయించుకున్నవాళ్లవి అనేవాడు.

పోయినేడు ఆసుపత్రి గుమాస్తా ఒకటి చేయించుకున్నాడు: ‘చదివి వినిపించాం. అర్థం చేసుకుని ఒప్పుకున్నారు.’ మొన్న మళ్లీ వచ్చాడు.

“అరిగిపోయింది బాబాయ్. రేపటికల్లా ఇంకోటి కావాలి.”

“అప్పుడేనా?”

“రోజుకి వంద కాగితాలు మరి. అందరికీ చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే!”

గుమాస్తా నవ్వాడు. ఆయనా నవ్వాడు.

సాయంత్రం అదే ఆసుపత్రిలో ఉన్న ఆఖరి చెల్లెల్ని చూడబోయాడు. మర్నాడే ఆపరేషన్.

“చిన్న గడ్డేనట అన్నయ్యా. అది పోతే ఈ ఏడైనా కడుపు పండుతుందంటోంది అత్తయ్య.”

మంచానికి తగిలించిన కాగితం తీసి చూశాడు. గర్భసంచి తొలగింపు అని ఉంది. కింద చెల్లెలి వేలిముద్ర. పక్కన తను చెక్కిన ముద్ర. ‘ఒ’ వంపులో చిన్న గాటు, చెక్కేటప్పుడు కత్తి జారిన చోటు.

“ఇది నీకు చదివారా?”

“నాకెవరు చదువుతారు? వేలు పట్టుకుని అద్దించేశారు. ఏంటా మొహం, ఆముదం తాగినట్టు?”

ఆయన చెప్పబోయేలోపే చూడవచ్చినవాళ్ల సమయం అయిపోయిందని గంట మోగింది. వెళ్లిపొమ్మన్న నర్సుకు కాగితం చూపించాడు.

“ముద్ర పడిందిగా! ఇంకేంటి?”

ఇంటికెళ్లి అరచేతిని కిరసనాయిలుతో, తర్వాత ఇటుక ముక్కతో రుద్దాడు. చర్మం లేచింది కానీ రంగు పోలేదు. భోజనం ముందు కూర్చుంటే గుమాస్తాతో కలిసి నవ్విన నవ్వు గుర్తొచ్చింది. కంచం పక్కకు తోసి లేచాడు.

మర్నాడు దుకాణం తెరవలేదు. డాక్టరు రాకముందే చెల్లెలి మంచం పక్కన స్టూలు వేసుకుని, కాగితం తీసి మొదటి పంక్తి నుంచి చదివాడు. పంక్తి పంక్తికీ ఆగి “అర్థమైందా అమ్మా?” అని అడిగాడు.

“ఆగన్నయ్యా. ఆ మాట మళ్లీ చదువు.”

మళ్లీ చదివాడు.

చెల్లెలు మంచం దిగి చెప్పులు వెతుక్కుంది. పక్క మంచం ముసలావిడ తన కాగితం ముందుకు చాచింది.

“నాదీ చదువు నాయనా.”

ఆయన స్టూలు అటు జరుపుకున్నాడు.